సంతకం మాంట్రియల్‌లో, పని మన రిపేరు షాపులో

(విజయవాడలో ఓజోన్ దినం నాడు ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లు, పాలిటెక్నిక్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హాల్లో ఏసీ పనిచేయడం లేదని నాకూ తెలుస్తోంది. ఇంతమంది ఏసీ మెకానిక్‌లు కూర్చున్న హాల్లో ఏసీ ఆడకపోవడం మన ఊరికే చెల్లింది. సరే, ఫ్యాన్లు ఉన్నాయి, నడిపించేద్దాం.

ఈ రోజు సెప్టెంబర్ 16. 1987లో ఇదే రోజున కెనడాలోని మాంట్రియల్‌లో, ఓజోన్ పొరను తినేసే రసాయనాలు తగ్గించుకుంటామని కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ఓజోన్ పొర అంటే ఏమిటి, అది చిల్లు పడితే చర్మానికి, కళ్లకు ఏమవుతుంది అన్నది పిల్లలు పొద్దున్నే పోస్టర్లు వేసి చెప్పేశారు. చక్కగా చెప్పారు. నేను మళ్లీ చెప్పను. నేను అడిగేది వేరే. సంతకం పెట్టాక ఏం జరిగింది? సంతకాలు పెట్టేది అధికారులు. గ్యాస్ గాల్లోకి వదిలేది ఎవరు? వాళ్లు కాదు కదా. నేను, మీరు. పైపు కోసి ‘సుయ్‌’మని వదిలేసేది మనం. మరి మాంట్రియల్‌లో రాసుకున్న మాట మన షాపు దాకా ఎలా వచ్చింది? డబ్బు ఎవరిచ్చారు? ఎందుకిచ్చారు? ఎక్కడ ఆగిపోయింది? ఇదీ నా సబ్జెక్టు.

ముందు కథ క్లుప్తంగా. 1974లో మొలీనా, రోలాండ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు సీఎఫ్‌సీలు ఓజోన్‌ను దెబ్బతీస్తాయని చెప్పారు. సీఎఫ్‌సీ అంటే మన భాషలో ఆర్-12, ఆర్-11. పాత ఫ్రిజ్‌లలో ఉండేది అదే. కంపెనీలు నమ్మలేదు, నమ్మనట్టు నటించాయి అనుకోండి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు లెక్కలతో సహా బయటపెట్టారు. రెండేళ్లలో ఒప్పందం సిద్ధం.

మనదేశం అప్పుడు సంతకం చేసిందా? చేయలేదు. చైనా కూడా చేయలేదు. ఎందుకు చేయలేదో అర్థం చేసుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. అప్పట్లో మనం వాడే సీఎఫ్‌సీని జనాభాతో భాగిస్తే తలకు పది గ్రాములు కూడా రాదు. పైన పేరుకున్న విషమంతా అమెరికా, యూరప్, జపాన్ వాళ్లు దశాబ్దాల తరబడి వదిలింది. వాళ్ల ఇళ్లల్లో ఫ్రిజ్‌లు నిండాక, మన ఇళ్లలోకి వచ్చే సమయానికి ఆ గ్యాస్ వాడొద్దన్నారు. కొత్త గ్యాస్ తయారీ ఎవరి చేతిలో ఉంది? వాళ్ల కంపెనీల చేతిలోనే. అంటే పాతది మానేయాలి, కొత్తది వాళ్ల దగ్గరే కొనాలి, వాళ్లు చెప్పిన ధరకు. విందు తిన్నవాళ్లు ఒకరు, విస్తళ్లు ఎత్తేవాళ్లు ఇంకొకరా? ఇదీ మనవాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

1990 జూన్‌లో లండన్‌లో సమావేశం జరిగింది. మన పర్యావరణ మంత్రి మేనకా గాంధీ. అక్కడ బేరం తెగింది. ఏమని? అభివృద్ధి చెందుతున్న దేశాలు పాత గ్యాస్ మానుకోవడానికి అయ్యే అదనపు ఖర్చు ధనిక దేశాలు భరిస్తాయి, దానికి ప్రత్యేకంగా ఒక నిధి పెడతాయి. దాని పేరు మల్టీలేటరల్ ఫండ్. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు. భారత్, చైనా చేరితే 24 కోట్ల దాకా పెంచుతామన్నారు. చూశారా, మన రెండు దేశాలు చేరడానికి అక్షరాలా ధర కట్టారు. 1992లో మనం చేరాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సాయం అంటే మనకు ఏం గుర్తొస్తుంది? వరదలొస్తే పంచే దుప్పట్లు. ఇచ్చేవాడి దయ. ఈ ఒప్పందంలో సాయం అలాంటిది కాదు. ఐదో అధికరణంలో ఒక మాట రాశారు: మీరిచ్చే డబ్బు, మీరిచ్చే టెక్నాలజీ సరిగ్గా అందడం మీదే మేము మాట నిలబెట్టుకోగలగడం ఆధారపడి ఉంటుంది. అంతే కాదు. ఒక పేద దేశం చేయగలిగిందంతా చేసి, ‘సాయం సరిగా అందలేదు, అందుకే చేయలేకపోతున్నాం’ అని రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఆ విషయం సభ్య దేశాలు కూర్చుని తేల్చేదాకా ఆ దేశం మీద చర్య ఉండదు. ఇది దయ కాదు, ఒప్పందంలో సగం. ఆ సగం మీరు చేయకపోతే ఈ సగం మేము చేయలేం అని చట్టంలోనే రాయించుకున్నారు. ఇంకో ఒప్పందంలో ఇంత గట్టిగా రాయించుకోవడం, రాయించుకున్నది నడిపించుకోవడం నేను చూడలేదు.

పెత్తనం ఎవరిది? డబ్బిచ్చేవాడిదే పెత్తనం అని మనకు అలవాటు. ఇక్కడ నిధిని నడిపే కమిటీలో 14 మంది సభ్యులు. ఏడుగురు ధనిక దేశాల నుంచి, ఏడుగురు మనలాంటి దేశాల నుంచి. ఓటింగ్ దాకా వస్తే మూడింట రెండొంతులు కావాలి, పైగా రెండు వైపులా విడివిడిగా మెజారిటీ ఉండాలి. అంటే ఎక్కువ ఇచ్చినవాడు ఎక్కువ అరవచ్చు, అంతే. ఒక్కడే నిర్ణయించలేడు. అప్పు కాదు, గ్రాంటు. తిరిగి కట్టక్కర్లేదు.

మరి ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టారు? ఒక ఫ్రిజ్ ఫ్యాక్టరీ తీసుకోండి. ఆర్-12 మానేసి, ఓజోన్‌ను తినని ఆర్-134ఎ అనే గ్యాస్‌కి మారాలి. గ్యాస్ సిలిండర్ మారిస్తే సరిపోతుందా? మీకు తెలుసు, సరిపోదు. పాత మినరల్ ఆయిల్ దాంతో కలవదు, వేరే ఆయిల్ కావాలి. ఆ ఆయిల్ గాల్లో తేమను పీల్చేస్తుంది కాబట్టి వాక్యూమ్, అంటే లోపలి గాలి, తేమ లాగేయడం, ఇంకా గట్టిగా తీయాలి, అంటే పంపులు మారాలి. చార్జింగ్ మిషన్ మారాలి. లీకు పట్టే మీటరు మారాలి. ఫ్రిజ్ గోడల్లో ఫోమ్ నింపే గ్యాస్ కూడా మారాలి. అక్కడ సైక్లోపెంటేన్ పెడితే అది మండుతుంది, కాబట్టి గాలి బయటికి లాగే ఏర్పాటు, గ్యాస్ సెన్సర్లు, అన్నీ కావాలి. ఈ తేడా ఎంతో, అంత ఫండ్ ఇస్తుంది. ఇదే సందని ఫ్యాక్టరీ పెద్దది చేసుకుంటానంటే ఇవ్వదు. కంపెనీలో విదేశీ వాటా ఎంతుంటే అంత కోత పెడుతుంది. పాత మిషన్ ఇంకొకడికి అమ్ముకోకుండా, పగలగొట్టామని రుజువు చూపించాలి. మన దగ్గర పాత మిషన్ పగలగొట్టడమంటే ఓనరు గుండె పగలగొట్టినంత పని. అయినా పగలగొట్టించారు.

సీఎఫ్‌సీ తయారు చేసే కంపెనీలు మనదేశంలో నాలుగు ఉండేవి. వాటిలో ఉత్పత్తి ఆపించడానికి 1999లో ప్రపంచ బ్యాంకు ద్వారా 8.2 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అంతా ఒకేసారి ఇవ్వలేదు. ఈ ఏడాది ఇంతకు మించి తయారు చేయలేదని తనిఖీలో తేలితేనే ఆ ఏడాది వాయిదా. 2000లో ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. గడువు 2010 జనవరి 1. మనం 2008 ఆగస్టు 1 నాటికే సీఎఫ్‌సీ తయారీ ఆపేశాం, ఆస్తమా ఇన్‌హేలర్లకు కావలసింది తప్ప. పదిహేడు నెలల ముందు. మనదేశం ఒక పని గడువుకు ముందే పూర్తి చేసిందని విన్నప్పుడు నాకూ మొదట అనుమానమే వచ్చింది. నిజమే, చేసింది.

అన్నీ సాఫీగా జరిగాయా? లేదు. టెక్నాలజీ దగ్గర చేదు అనుభవం ఉంది. ఆర్-134ఎ తయారీ విధానం కొనుక్కుందామని మన కంపెనీ అడిగితే విదేశీ కంపెనీ కళ్లు తిరిగే ధర చెప్పింది. టెక్నాలజీని న్యాయమైన షరతుల మీద అందించాలని ఒప్పందంలో రాసే ఉంది. కానీ ఒప్పందం రాసుకున్నది ప్రభుత్వాలు, పేటెంటు ఉన్నది కంపెనీల దగ్గర. ప్రభుత్వం చెప్తే కంపెనీ వింటుందా? వినదు. చివరికి మనవాళ్లే పరిశోధన చేసుకున్నారు. హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ అని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఉంది, అక్కడి శాస్త్రవేత్తలు కూడా ఆ గ్యాస్ తయారీకి కావలసిన ఉత్ప్రేరకాల మీద పనిచేశారు. డబ్బు సాయం బాగా నడిచిన ఈ ఒప్పందంలో కూడా టెక్నాలజీ మాట సగం కాగితం మీదే ఉండిపోయిందని నా అభిప్రాయం.

డబ్బు కంటే ఎక్కువ పనిచేసిన చిన్న విషయం ఒకటుంది. ఫండ్ దాదాపు ప్రతి అభివృద్ధి చెందుతున్న దేశంలోనూ ఒక చిన్న ఆఫీసుకు జీతాలిచ్చింది. మన దగ్గర దాని పేరు ఓజోన్ సెల్, పర్యావరణ మంత్రిత్వ శాఖలో ఉంటుంది. ఇందులో ఏముంది అనకండి. ఒక చిన్న దేశం పరిస్థితి ఆలోచించండి. పర్యావరణ శాఖలో ఉన్నది గుప్పెడు మంది. వాతావరణ ఒప్పందం నివేదిక వాళ్లే రాయాలి, పాదరసం ఒప్పందం వాళ్లే చూడాలి, ప్రమాదకర వ్యర్థాల ఒప్పందం వాళ్లే. వారానికో ఫారం. నివేదిక పంపకపోతే తప్పు చేసినట్టే లెక్క. మాట తప్పే ఉద్దేశం ఉండి కాదు, ఫారం నింపే మనిషి లేక తప్పిన దేశాలే ఎక్కువ. అలాంటి చోట ఈ పని కోసమే ఒక మనిషి, ఒక టేబులు, ఏటా జీతం. పైగా పక్క పక్క దేశాల ఓజోన్ అధికారులను ఏటా ఒక చోట కూర్చోబెట్టారు. దొంగ సరుకు మీ వైపు నుంచి వస్తోందా, మా వైపు నుంచి వస్తోందా అని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే వీలు కలిగింది.

దొంగ సరుకు అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. ఇది మీ ప్రాణాల సంగతి. ఒక గ్యాస్‌ను నిషేధిస్తే ఏమవుతుంది? దొంగచాటుగా వస్తుంది. సిలిండర్ మీద 134ఎ అని ఉంటుంది, లోపల ఏముందో దేవుడికెరుక. 2011లో ఓడల్లో సరుకు తీసుకెళ్లే చల్లటి కంటైనర్లు పేలాయి. వియత్నాంలో, బ్రెజిల్‌లో. మనుషులు పోయారు. ఏమిటని చూస్తే, 134ఎ పేరుతో నింపిన గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ ఉంది. అది అల్యూమినియంతో కలిస్తే తయారయ్యేది గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. అందుకే కస్టమ్స్ వాళ్లకు గ్యాస్ ఏదో చెప్పే చిన్న మిషన్లు ఇచ్చి, ట్రైనింగ్ ఇవ్వడం కూడా ఈ సాయంలో భాగమే. మీరు కూడా బజారులో రేటు మరీ తక్కువగా ఉన్న సిలిండర్ చూస్తే సంతోషపడకండి, భయపడండి.

మాట తప్పిన దేశాన్ని ఏం చేయాలి? జరిమానా వేయాలా? ఈ ఒప్పందం వేరే దారి పట్టింది. 1995లో రష్యా మేము గడువులోపు చేయలేమని ముందే చెప్పేసింది. సోవియట్ యూనియన్ కూలిపోయి చేతిలో చిల్లిగవ్వ లేదు. అది అభివృద్ధి చెందుతున్న దేశాల జాబితాలో లేదు, కాబట్టి ఈ ఫండ్ నుంచి పైసా రాదు. అప్పుడు గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అనే ఇంకో నిధి, ప్రపంచ బ్యాంకు, కొన్ని దేశాలు కలిసి డబ్బు పెట్టి అక్కడి ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి 2000 చివరికి ఆపించాయి. ‘ఎందుకు చేయలేదు’ అని కాక ‘ఏం అడ్డొచ్చింది’ అని అడిగారు. మంచిదే. అలాగని అందరూ అమాయకులు కారు. 2018లో గాల్లో సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత తగ్గడం లేదని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే తూర్పు చైనా వైపు తేలింది. గొడవ బయటపడ్డాక మళ్లీ తగ్గింది. డబ్బిచ్చి ఊరుకోకుండా గాలిని కొలుస్తూ ఎందుకుండాలో చూశారుగా.

ఘానా సంగతి కూడా చెప్పుకోవాలి. యూరప్‌లో పాతబడిన ఫ్రిజ్‌లు ఆఫ్రికాకు వచ్చి పడేవి. వాళ్లకు చెత్త, వీళ్లకు సెకండ్‌హ్యాండ్ సరుకు. లోపల సీఎఫ్‌సీ, పైగా కరెంటు తాగేస్తాయి. ఘానా 2013 నుంచి పాత ఫ్రిజ్‌ల దిగుమతి ఆపేసింది. పేద దేశం అడిగి తెచ్చుకోవాల్సిందే కాదు, గేటు దగ్గర ఆపాల్సింది కూడా ఉంటుంది.

ఇప్పుడు మన షాపుకు వద్దాం. ఇక్కడే నా అసలు బాధ ఉంది.

ఫ్యాక్టరీలు కొన్ని, వాటి అడ్రసులు తెలుసు, చెక్కు ఇవ్వచ్చు. మెకానిక్‌లు ఎంతమంది? ఎక్కడున్నారు? ఒక స్టూలు, ఒక గ్యాస్ సిలిండర్, గేజ్, స్పానర్ల సంచి, టూవీలరు. బోర్డు కూడా ఉండదు. మనం ఏం చేసేవాళ్లం? కస్టమరు ఫ్రిజ్ చల్లబడటం లేదంటాడు. క్యాపిలరీ, అంటే లోపలి సన్న గొట్టం, చోక్ అయిందని పైపు కోస్తాం. లోపలున్న నూరు, నూటయాభై గ్రాముల ఆర్-12 గాల్లో కలిసిపోతుంది. వాక్యూమ్ పంపు ఉందా? లేదు. పాత కంప్రెసర్‌నే పంపులా వాడి కాసేపు లాగి, చాలనుకుంటాం. లోపల తేమ ఉండిపోతుంది. గ్యాస్ ఎక్కించేటప్పుడు తూకం వేస్తామా? సక్షన్ పైపు చేత్తో పట్టుకుని చూసి, మంచు కడుతోందంటే చాల్లే అంటాం. లీకు సబ్బు నురగతో చూస్తాం. కొందరు అదీ చూడరు. మూడు నెలలకు మళ్లీ అదే ఇంటికి. మళ్లీ గ్యాస్, మళ్లీ డబ్బు. నవ్వుతున్నారు, అంటే నిజమేనన్నమాట.

స్విట్జర్లాండ్, జర్మనీ సాయంతో, తర్వాత ఫండ్ సాయంతో దేశమంతా వేలమంది మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చారు. గ్యాస్ వదలకుండా సిలిండర్‌లోకి ఎలా లాగాలి, వాక్యూమ్ ఎలా తీయాలి, తూకం వేసి ఎలా ఎక్కించాలి. నేనూ ఆ శిక్షణల్లో పాఠాలు చెప్పినవాణ్ణే. బాగా నేర్చుకున్నారు. రెండు రోజులు, భోజనం, సర్టిఫికెట్, గ్రూపు ఫోటో. తర్వాత? తర్వాత ఆ కుర్రాడు షాపుకు వెళ్తాడు. గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే రికవరీ మిషన్ అతనికి ఎక్కడిది? దాని ఖరీదు అతని కొన్ని నెలల సంపాదన. ఒక సంస్థకు ఇచ్చిన మిషన్ అట్టపెట్టెలోనే ఉండటం నేను చూశాను. బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియలేదు. తీసిన గ్యాస్ ఎక్కడ ఇవ్వాలి? ఎవరు తీసుకుంటారు? కిలోకు ఎంతిస్తారు? ఇవేవీ చెప్పకుండా ‘గ్యాస్ వదలొద్దు’ అని చెప్పడం సులువు. కోటి డాలర్ల ప్రాజెక్టు ఒక కుర్రాడి సంచి దగ్గర ఆగిపోతోంది.

ఇదంతా పాత కథ, సీఎఫ్‌సీ పోయింది కదా అనుకోకండి. ఆర్-22 సంగతి నడుస్తోంది, అదే మన పాత ఏసీల్లో గ్యాస్, అదీ ఓజోన్‌ను తినేదే. మనలాంటి దేశాలు 2025 నాటికి మూడింట రెండొంతులకు పైగా తగ్గించాలి, 2030 తర్వాత పాత మిషన్ల సర్వీసుకు కాస్త మిగుల్తుంది, అంతే. కిలో ఆర్-22 వదిలితే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలో ఎంత గ్యాస్ పడుతుందో మీకు నేను చెప్పాలా?

దాని వెనకే కిగాలీ వస్తోంది. 2016 అక్టోబరులో రువాండాలోని కిగాలీలో ఒప్పందాన్ని సవరించారు. ఈసారి 410ఎ, 134ఎ లాంటి హెచ్ఎఫ్‌సీలు. ఇవి ఓజోన్‌ను తినవు, భూమిని వేడెక్కిస్తాయి. మనం 2021లో ఆమోదించాం. మన వంతు 2028లో మొదలు, ఆ ఏడాది నుంచి వాడకం పెరగకూడదు. 2032లో పదో వంతు తగ్గించాలి, 2047కు 85 శాతం. మిగతా చాలా దేశాలకంటే మనకు ఎక్కువ సమయం ఇచ్చారు. మన దగ్గర ఏసీలు ఇంకా తక్కువ. 2019లో కేంద్రం వేసిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లెక్కలో కూడా నూటికి ఎనిమిది ఇళ్లలోనే ఏసీ ఉండేది. రోహిణీ కార్తెలో మన ఊళ్లో ఏసీ లేని ఇంట్లో పడుకున్నవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఏసీలు పెరుగుతాయి. పెరగాలి కూడా.

కానీ కొత్త గ్యాస్‌లు మండుతాయి. ఆర్-32 కొంచెం మండుతుంది, ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాస్ చుట్టమే. పాత ఆర్-22 ఏసీలో 290 ఎక్కించేద్దాం, చవకగా అయిపోతుంది అనే పెద్దమనుషులు ఉన్నారు. చేయొద్దు. ఆ మిషన్ స్విచ్‌లు, వైరింగ్ మండే గ్యాస్ కోసం చేసినవి కావు. ఒకప్పుడు శిక్షణ లేకపోతే ఓజోన్‌కు నష్టం. ఇప్పుడు శిక్షణ లేకపోతే మెకానిక్ ప్రాణానికి.

వాతావరణ మార్పు ఒప్పందంలో సాయం సంగతి ఒక్క మాట చెప్పి వచ్చేస్తా. 2020 నాటికి ఏటా పది వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చారు. ధనిక దేశాల సంస్థ లెక్క ప్రకారమే అది మొదటిసారి అందింది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. 2024లో బాకూలో, 2035 నాటికి ముప్పై వేల కోట్లు అన్నారు. మన ప్రతినిధి సభలోనే లేచి ఇది చాలదని చెప్పారు. దాంతో పోలిస్తే మన ఓజోన్ ఫండ్ ముప్పై ఏళ్లకు పైగా అంతా కలిపి ఇచ్చింది నాలుగు వందల కోట్ల డాలర్లకు కాస్త పైన. ఇంత చిన్న డబ్బుతో ఓజోన్ పొర కోలుకునే దారిలో పడింది. అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. అవును, ఓజోన్ సమస్య చిన్నది. కొన్ని రసాయనాలు, కొన్ని కంపెనీలు. బొగ్గు, పెట్రోలు అలా కాదు. ఒప్పుకుంటా. కానీ కమిటీలో సగం కుర్చీలు మనవి కావడానికి, అప్పు బదులు గ్రాంటు ఇవ్వడానికి సమస్య చిన్నదే కావాలని లేదు కదా?

2024 నుంచి 2026 దాకా మూడేళ్లకు ఈ ఫండ్‌కు 96.5 కోట్ల డాలర్లు అనుకున్నారు, అప్పటివరకు అదే పెద్దది. కిగాలీ కోసం కూడా ఇందులోంచే. కూలింగ్ ప్లాన్‌లో లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ అని రాశారు. ఇక్కడున్న మీ సంఘం పెద్దలను నేను కోరేది ఇదే. ట్రైనింగ్ పెడతామని ఎవరైనా వస్తే, సరే అనండి, కానీ వెంటనే అడగండి: ట్రైనింగ్ అయ్యాక వాక్యూమ్ పంపు, తూకం మిషన్ సగం ధరకైనా ఇస్తారా? రికవరీ మిషన్ పది షాపులకు ఒకటి అద్దెకు దొరికేలా పెడతారా? తీసిన గ్యాస్ ఈ జిల్లాలో ఎక్కడ కొంటారు? మండే గ్యాస్ పనిచేసేవాడికి బీమా ఉందా? నోటితో చెప్తే సరిపోదు, రాసివ్వమనండి. లండన్‌లో మనవాళ్లు చేసింది అదే, రాయించుకున్నారు.

నా టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ మూడో వరుసలో చెయ్యెత్తిన తమ్ముడికి మైక్ ఇవ్వండి, ఇందాక 290 గురించి చెప్తున్నప్పటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నాడు.